మన ఇంటి కంకర ఏ గుట్టది? గనులు, క్వారీల పక్కన బతికే ఊళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఉంటూ, చుట్టుపక్కల ఊళ్ల నుంచి క్వారీ కాగితాలు పట్టుకుని వచ్చేవారికి వాటిని చదివి పెట్టడం, అవసరమైతే అర్జీ రాసి పెట్టడం కొంతకాలంగా నాకు అలవాటైంది. ఎవరు వచ్చినా అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులను ఒకచోట పెడుతున్నాను. నేను న్యాయవాదిని కాను. కోర్టు దాకా వెళ్లాల్సిన విషయమైతే న్యాయవాదిని సంప్రదించడం తప్పనిసరి.

గనులంటే సింగరేణి, బళ్లారి గుర్తొస్తాయి. హైదరాబాద్‌కు వాటితో సంబంధం ఏమిటి?

బొగ్గు, ఇనుము మాత్రమే ఖనిజాలు కావు. ఇంటి స్లాబులో పడే కంకర, ఇసుకకు బదులుగా వాడుతున్న రోబో శాండ్, పునాదిలోని బండరాయి, పాత ఇళ్లలో పరిచిన షాబాద్ బండలు కూడా భూమిని తవ్వి తీసినవే. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కట్టడపు రాయిని, గ్రావెల్‌ను, మామూలు ఇసుకను చిన్నతరహా ఖనిజాలుగా లెక్కించి, వాటి లీజుల నియమాలు రాసుకునే అధికారాన్ని రాష్ట్రాలకు వదిలింది. పటాన్‌చెరు పక్కన లక్డారం వంటి ఊళ్లలో గుట్ట ఉండాల్సిన చోట గుంత కనిపిస్తుంది. చిన్నతరహా అన్న మాట ఖనిజానికే గాని ఆ గుంతకు వర్తించదు. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్ మీద కూర్చున్న నగరం మనది. పైకి ఎంత ఎదిగితే అంత రాయి చుట్టూ ఉన్న ఊళ్ల నుంచి దిగి రావాల్సిందే.

క్వారీ వస్తే ఊరికి నష్టమేనా? పనులు కూడా వస్తాయి కదా?

వస్తాయి, కాకపోతే లాభం ఒకరికి, నష్టం మరొకరికి అందుతుంది. గనుల గురించి మాట్లాడేటప్పుడు “స్థానికులు” అనే ఒక్క మాటతో ఊరంతటినీ కలిపేయడమే పెద్ద పొరపాటని నా అభిప్రాయం. టిప్పరు కొనుక్కోగలిగినవారికి, రోడ్డు పక్కన హోటలు పెట్టుకున్నవారికి, జేసీబీ అద్దెకిచ్చేవారికి క్వారీ అంటే రాబడి. గుట్ట కింద రెండెకరాలు, ఒక బోరు ఉన్న రైతుకు అది పైరు మీద పడే దుమ్ము. గుట్ట మీద గొర్రెలు మేపుకునే కుటుంబానికి, వానాకాలం చివర సీతాఫలాలు ఏరి నగరంలో గంపల్లో అమ్ముకునే ఆడవాళ్లకు అది ఉన్నట్టుండి మూతపడిన దారి.

ఈ చివరి ఇద్దరి నష్టం ఏ కాగితంలోనూ కనిపించదు. గుట్ట రెవెన్యూ రికార్డులో ప్రభుత్వ భూమిగా ఉంటుంది కాబట్టి భూసేకరణ జరగదు. సేకరణ లేకపోతే పరిహారం అన్న ప్రశ్నే తలెత్తదు. 2013 నాటి భూసేకరణ చట్టం మాత్రం, సేకరణ జరిగిన చోట, భూమి పట్టా ఉన్నవారినే కాకుండా అంతకు మూడేళ్ల ముందు నుంచి ఆ భూమి మీదే ఆధారపడి బతికే కూలీలను, కౌలుదారులను, చేతివృత్తులవారిని కూడా నష్టపోయిన కుటుంబాలుగా గుర్తించింది. ఊరు రెండుగా చీలిపోయి ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకునే స్థితి చాలా చోట్ల లాభనష్టాల్లోని ఈ తేడా నుంచే మొదలవుతుంది.

బ్లాస్టింగ్ వల్ల మా ఇంటి గోడలు బీటలు వారాయి. ఎలా నిరూపించాలి?

క్వారీవాళ్లు చెప్పే మొదటి మాట “ఆ బీట ముందు నుంచే ఉంది” అన్నదే. అందుకే క్వారీకి లీజు వచ్చిందని తెలిసిన రోజునే, మొదటి పేలుడుకు ముందే, ఇంటి గోడలన్నింటినీ తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోవాలి. బీటలు ముందే ఉంటే వాటినీ దాచకుండా తీయాలి. ఆ బీటకు అడ్డంగా సున్నంతోనో ప్లాస్టర్‌తోనో చిన్న పట్టీ వేసి, దాని మీద తేదీ రాయడం పాత మేస్త్రీలకు తెలిసిన పద్ధతి. పట్టీ విరిగితే బీట కదిలినట్టు.

రెండో విషయం కొలత. పేలుడు ప్రకంపనను నేల ఎంత వేగంతో ఊగిందన్న లెక్కలో, సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని కొలుస్తారు. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో నిర్దేశించిన ప్రకారం, గని యజమానికి చెందని మామూలు ఇళ్ల దగ్గర ప్రకంపన పౌనఃపున్యం (నేల సెకనుకు ఎన్నిసార్లు ఊగిందన్నది) 8 హెర్ట్జ్‌ల లోపు ఉంటే 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య ఉంటే 10, అంతకు మించితే 15 దాటకూడదు. పేలుడు జరిగే సమయంలో మీ ఇంటి వాకిట్లోనే యంత్రం పెట్టి కొలవమని రాతపూర్వకంగా అడగండి. క్వారీ అంచున కొలిచి తెచ్చిన నివేదికతో మీ ఇంటి సంగతి తేలదు.

మూడోది, ఒక నోటు పుస్తకం. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్ని పేలుళ్లు, సైరన్ మోగిందా లేదా, రాళ్లు ఎంత దూరం ఎగిరిపడ్డాయి అన్నవి రాసి, ఇద్దరు పొరుగువారితో సంతకం చేయించి పెట్టుకోండి. ఇదేం పని అనుకుంటారు చాలామంది. నా దగ్గరికి వచ్చిన కాగితాల్లో అధికారులు నిజంగా తిప్పి చూసింది ఇలాంటి పుస్తకాన్నే. “తరచూ పేలుళ్లు జరుగుతున్నవి” అన్న అర్జీని ఎవరూ రెండోసారి చదవరు.

బోర్లు ఎండిపోవడానికి క్వారీయే కారణమని చెప్పవచ్చా?

ఒక్కమాటలో అవునని చెప్పలేం, కాదనీ చెప్పలేం. మన ప్రాంతపు గట్టిరాయిలో నీరు నిలిచేది పైనున్న మొరం పొరలోనూ, లోపలి పగుళ్లలోనూ మాత్రమే. క్వారీ గుంత ఆ పగుళ్లను కోసేస్తే నీరు గుంతలోకి చేరుతుంది. పని సాగడానికి దాన్ని మోటార్లతో తోడి బయట పారబోస్తే, అదే పగులు మీద ఆధారపడ్డ బోరు తగ్గుతుంది, వేరే పగులు మీదున్న పక్క బోరుకు ఏమీ కాకపోవచ్చు. అదే ఊరి పొలిమేరలో విల్లాలకోసం వేసిన లోతైన బోర్లు, ఆ ఏటి వానలు కూడా లెక్కలోకి వస్తాయి.

అందుకే వాదన కంటే కొలత మేలు. తాడుకు బరువు కట్టి నెలకోసారి నాలుగైదు బావుల నీటిమట్టం కొలిచి రాయండి. భూగర్భ జల శాఖ తన పరిశీలక బోర్లలో తీసే కొలతలను సమాచార హక్కు చట్టం కింద అడిగి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మండలమంతా మట్టం పెరిగిన ఏడాది మీ ఊరి బావులు మాత్రమే దిగితే, అది గట్టి ఆధారం.

దుమ్ము వల్ల వచ్చే జబ్బులేమిటి?

ముందుగా పనివారి సంగతి. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఎక్కువ. రాయిని డ్రిల్ చేసేటప్పుడు, క్రషర్‌లో నలిపేటప్పుడు లేచే అతి సన్నని సిలికా ఊపిరితిత్తుల లోతుకు చేరి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు, పని మానేసిన తరువాత కూడా అది ముదురుతూనే ఉంటుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ముప్పు ఎక్కువ. రెండింటి లక్షణాలూ దగ్గరగా ఉండటంతో, ఆయాసంతో వచ్చిన క్రషర్ కార్మికునికి క్షయ మందులు ఇచ్చి పంపడం, అవి పనిచేయకపోవడం, చివరికి అసలు జబ్బు పేరే తెలియకుండా మనిషి పోవడం జరుగుతుంటుంది. అందుకే డాక్టరుకు మొదట చెప్పాల్సింది దగ్గు గురించి కాదు, ఎన్నేళ్లు ఏ పని చేశారన్నది. చట్టం ప్రకారం సిలికోసిస్ తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధి, పరిహారం దక్కాల్సిన వృత్తి సంబంధిత వ్యాధి కూడా. ఒడిశా, బిహార్ నుంచి వచ్చి రెండేళ్లు పనిచేసి వెళ్లిపోయే కూలీకి హాజరు పట్టీలో పేరే లేకపోతే ఈ చట్టాలేవీ అతని దాకా రావు. తరతరాలుగా రాయి కొట్టిన వడ్డెర కుటుంబాల పరిస్థితి కూడా ఇంతకంటే మెరుగ్గా లేదు.

ఊరివారికి దుమ్ము తాకిడి ఇంత తీవ్రంగా ఉండదు గాని, పిల్లలకు, వృద్ధులకు, ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది తప్పదు. నివాస ప్రాంతాల గాలిలో పీఎం 10 (10 మైక్రాన్ల లోపు రేణువుల) ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నని పీఎం 2.5 ధూళి 60 మైక్రోగ్రాములు మించకూడదన్నది 2009 నాటి జాతీయ ప్రమాణం. క్రషర్ యంత్రాలకు మూతలు, నీటి జల్లు, చుట్టూ గాలి ఆపే గోడ ఉండాలి. నీటి జల్లు గొట్టాలు చాలా చోట్ల తనిఖీ రోజున మాత్రమే తడుస్తాయన్నది ఊరివాళ్లందరికీ తెలిసిన రహస్యం. టిప్పర్ల మీద టార్పాలిన్ కప్పించడం, ఊరి లోపలి రోడ్డును తడపడం పంచాయతీ పట్టుబడితే వారంలో జరిగే పనులు. చిన్న విజయాలతో మొదలుపెట్టమని సలహా ఇస్తాను.

క్వారీకి ఏ అనుమతులు ఉండాలి? అవి మాకు చూపిస్తారా?

గనులు, భూగర్భ శాఖ ఇచ్చే లీజు, ఆమోదించిన మైనింగ్ ప్లాన్, పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే స్థాపన, నిర్వహణ సమ్మతులు, పేలుడు పదార్థాల లైసెన్సు ఉండాలి. క్రషర్‌కు విడిగా మండలి సమ్మతి కావాలి. 5 హెక్టార్లకంటే చిన్న క్వారీకి పర్యావరణ అనుమతి అక్కర్లేదన్న వాదన ఇప్పటికీ వినిపిస్తుంది, కానీ దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలోనే దాన్ని తోసిపుచ్చింది.

పర్యావరణ అనుమతి పత్రాలు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. మిగిలినవి సమాచార హక్కు కింద 30 రోజుల్లో ఇవ్వాలి. వచ్చాక ముందుగా సర్వే నంబరు, విస్తీర్ణం, ఏటా తీయగల పరిమాణం చూడండి. చాలా తగాదాల్లో అసలు విషయం ఇక్కడే బయటపడుతుంది: లీజు ఒక సర్వే నంబరులో ఉంటే, తవ్వకం పక్క నంబరులో సాగుతుంటుంది.

ప్రజాభిప్రాయ సేకరణ జరగబోతోంది. మేము వెళ్లకపోతే ఆగిపోతుందా?

ఆగదు. ఎక్కువ ఊళ్లు మోసపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీస హాజరు అనే నిబంధన లేదు. బహిష్కరిస్తే ఖాళీ కుర్చీల ముందు సభ జరిగి, అభ్యంతరాలు రాలేదని నమోదవుతుంది. బహిష్కరణ కంటే, వెళ్లి మాట్లాడి, మాట్లాడినదే కాగితం మీద కూడా ఇచ్చి, దానికి రసీదు తీసుకోవడం వెయ్యి రెట్లు నయం.

సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో అందుబాటులో ఉంచాలి. కలెక్టరు గాని, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గాని అధ్యక్షత వహించాలి, మొత్తం వీడియో తీయాలి, చివర్లో ఆ సభలో ఏమేం నమోదైందో తెలుగులో చదివి వినిపించాలి. చదివి వినిపించే సరికి జనం ఇళ్లకు వెళ్లిపోతారు. వెళ్లకండి. మీరు చెప్పిన అభ్యంతరం అందులో లేకపోతే అక్కడే లేచి అడగండి.

నివేదికలో ఏం వెతకాలి? మీ ఊరి చెరువు, కుంటలు, బడి, తండా మ్యాపులో ఉన్నాయో లేదో చూడండి. మనుషులు నివసించే తండాను “బంజరు భూమి” అని రాసిన నివేదిక నేనే చూశాను. వేరే జిల్లా నివేదికలోని పేజీలు ఊరి పేరు మార్చి అతికించారేమో, అక్కడ కనిపించని చెట్ల పేర్లు ఉన్నాయేమో పరిశీలించండి. “మాకు క్వారీ వద్దు” అన్న ఒక్క వాక్యానికి నమోదులో ఒక్క వరుసే దక్కుతుంది. “నివేదికలో ఫలానా పేజీలో కుంట లేదని రాశారు, ఫలానా సర్వే నంబరులో కుంట ఉంది, ఇదిగో పహాణీ” అన్న అభ్యంతరానికి మాత్రం కంపెనీ జవాబు రాయక తప్పదు.

విడిగా 5 హెక్టార్ల లోపు ఉన్న క్వారీకి సాధారణంగా ఈ సభ ఉండదు. అయితే 500 మీటర్ల లోపు ఎడంతో ఉన్న లీజులను ఒక క్లస్టరుగా కలిపి లెక్కించాలి. ఒకే గుట్టను నాలుగైదు ముక్కలు చేసి వేర్వేరు పేర్లతో లీజులు తీసుకుంటే ఈ నియమాన్ని గుర్తు చేయండి.

గ్రామసభ వద్దని తీర్మానిస్తే చాలదా?

అది మీ ఊరు ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే గిరిజన ఏజెన్సీలో, గ్రామసభకు బలం ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ మన్యం అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజులపై సమత అనే సంస్థ వేసిన కేసును హైకోర్టు కొట్టేసినా, సుప్రీంకోర్టు 1997 జులైలో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని తీర్పునిచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా ఆపే భూ బదలాయింపు నిబంధనల్లోని “వ్యక్తి” అన్న పదంలోకి ప్రభుత్వం కూడా వస్తుందని చెప్పడం ఆ తీర్పులోని కీలకం. అవే నిబంధనలు తెలంగాణ ఏజెన్సీలోనూ అమల్లో ఉన్నాయి. ఒడిశాలోని నియమగిరి విషయంలో 2013లో అటవీ హక్కుల చట్టం ఆధారంగా నిర్ణయాన్ని గ్రామసభలకే వదలగా, 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి.

రంగారెడ్డి, సంగారెడ్డి, మేడ్చల్ వంటి మైదాన ప్రాంతాల్లో తీర్మానానికి అంత చట్టబలం లేదు. ఆ మాట ముందే చెప్పకుండా జనాన్ని నమ్మించడం మంచిది కాదు. అయినా తీర్మానం చేసి పెట్టండి, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అది సాక్ష్యంగా పనికొస్తుంది.

నల్లమలలో యురేనియం తవ్వుతామంటే నగరంలో ఎందుకంత గొడవ జరిగింది?

2019 మే నెలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అక్కడి చెంచులు తమ పెంటలు (అడవిలోని గూడేలు) పోతాయని భయపడ్డారు, నగరవాసులకు కృష్ణా నీరు గుర్తొచ్చింది. నాగార్జునసాగర్ నుంచి వచ్చే నీటిని కూడా మనం తాగుతున్నాం. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకానికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. నగరంలో అంతటి కదలిక రావడం మంచిదే. అయితే మన కుళాయికి ముప్పు ఉందని తెలిసినప్పుడు కదిలినంతగా, మన కంకర కోసం గుట్ట పోగొట్టుకున్న ఊరి గురించి కదలలేదన్నది నన్ను ఇప్పటికీ తొలిచే విషయం.

సింగరేణి ప్రాంతంలో సమస్య ఎలా భిన్నం?

అక్కడ గని పక్కన ఊరు పుట్టింది, ఉద్యోగమే బతుకు. రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న ఆ సంస్థలో భూగర్భ గనుల కంటే ఓపెన్‌కాస్టుల (పైనుంచే తవ్వుకుంటూ పోయే పెద్ద గుంతల) నుంచి వచ్చే బొగ్గే చాలా ఎక్కువ. ఓపెన్‌కాస్టుకు భూమి ఎక్కువ కావాలి, మనుషులు తక్కువ చాలు. భూమి పోయిన కుటుంబానికి వెనకటిలా పర్మినెంటు కొలువు దొరకదు, మట్టి తీసే కాంట్రాక్టు పనే దిక్కవుతుంది. బొగ్గు మీది మట్టి ఊళ్ల పక్కన గుట్టలుగా లేస్తుంది. జనం ఆ ఓపెన్‌కాస్టు గుంతలను బొందలగడ్డలు అంటారు. బొగ్గు భూముల సేకరణ వేరే చట్టం కింద జరిగినా, 2013 చట్టంలోని పరిహార, పునరావాస లెక్కలు వర్తిస్తాయని కేంద్రం 2015 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని చేతిలో పెట్టుకునే చర్చలకు వెళ్లాలి.

డీఎంఎఫ్ డబ్బు అంటే ఏమిటి? అందులో మాకు వాటా ఉంటుందా?

2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి సంస్థలను (డీఎంఎఫ్) ఏర్పాటు చేశారు. ప్రధాన ఖనిజాలు తవ్వేవారు రాయల్టీకి (ఖనిజం మీద ప్రభుత్వానికి కట్టే రుసుముకు) అదనంగా, వేలంలో పొందిన లీజులైతే రాయల్టీలో 10 శాతం, 2015 జనవరికి ముందువైతే 30 శాతం ఇందులో జమ చేయాలి. చిన్నతరహా ఖనిజాలకు ఎంతన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది. నిధిలో కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, విద్య వంటి అత్యవసరాలకు వెచ్చించాలని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. గనికి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని ప్రత్యక్షంగా ప్రభావితమైనదిగా లెక్కిస్తారు.

నగదుగా చేతికి రాదు. కానీ మీ ఊరు ప్రభావిత గ్రామాల జాబితాలో ఉందా, గత మూడేళ్లలో ఏ పనులు మంజూరయ్యాయి అని కలెక్టరేట్‌లో అడగడం మీ హక్కు. గనికి దూరంగా, జిల్లా కేంద్రంలో సుందరీకరణకు ఖర్చయిన పద్దులు కనబడితే గట్టిగానే అడగండి.

వదిలేసిన క్వారీ గుంతలకు బాధ్యులెవరు?

లీజుదారుడే. కంచె వేయడం, అంచులను మెట్లుగా చెక్కడం, వీలైనచోట పూడ్చడం మైనింగ్ ప్లాన్‌లోనే ఉండాలి. వేసవి సెలవుల్లో ఈతకు దిగిన పిల్లలు ఇలాంటి గుంతల్లో మునిగిపోయిన వార్తలు మన పత్రికలకు కొత్త కావు. చెరువులా ఒడ్డు క్రమంగా దిగకుండా, రెండో అడుగులోనే నలభై అడుగుల లోతు ఉండటం దీనికి కారణం. లీజు గడువు ముగియకముందే అడగండి, ముగిశాక మనిషి దొరకడు.

ఎవరికి ఫిర్యాదు చేయాలి? గడువులు ఉన్నాయా?

లీజు ఉల్లంఘన అయితే గనుల శాఖ జిల్లా అధికారికి, దుమ్ము, శబ్దం అయితే కాలుష్య నియంత్రణ మండలికి, పేలుళ్లు అయితే గనుల భద్రతా డైరెక్టరేట్‌కు, అన్నింటి నకళ్లు కలెక్టరుకు. మండలి ప్రధాన కార్యాలయం సనత్‌నగర్‌లోని పర్యావరణ భవన్.

అక్కడ పని కాకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తెలంగాణకు సంబంధించినది చెన్నైలోని దక్షిణ ధర్మాసనం. పర్యావరణ అనుమతినే సవాలు చేయాలంటే 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. ఇతర వివాదాలకు సమస్య మొదలైన నాటి నుంచి ఆరు నెలలు, నష్టపరిహారానికైతే ఐదేళ్లు. “సార్ చూస్తామన్నారు” అని ఎదురుచూస్తూ ఆరు నెలలు దాటించుకున్నవారే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు.

మేము అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా చేతిలో ఏముంది?

కొంత ఉంది. ఇల్లు కట్టించుకునేవారు కంకర, రోబో శాండ్ లోడుకు గనుల శాఖ రవాణా పర్మిట్ ఉందా అని అడగవచ్చు. అది లేని లోడు లీజు లేని గుంత నుంచి వచ్చి ఉండవచ్చు. పాత ఇల్లు కూల్చినప్పుడు వచ్చే శిథిలాలను రాత్రిపూట చెరువు గట్టున పారబోయించకుండా జీడిమెట్ల, ఫతుల్లాగూడలోని శిథిలాల శుద్ధి కేంద్రాలకు పంపవచ్చు. అక్కడ రోజుకు 500 టన్నుల చొప్పున నలిపి ఇసుకగా, కంకరగా మార్చే సామర్థ్యం ఉంది. పేవర్ బ్లాకులు, కాంపౌండ్ గోడలు, నేల చదును వంటి పనులకు ఆ సరుకు సరిపోతుంది. కాలనీ సంఘం రోడ్డు పని టెండరు పిలిచినప్పుడు ఆ సరుకు వాడాలన్న ఒక్క షరతు రాయించడానికి సమావేశంలో పది నిమిషాలు పడుతుంది.